ఉత్తరపు చెవి

నమోదు 1: నీళ్ళ రోజు

ముందుగా ఒక దిద్దుబాటు, హైమా. నిన్న మన ఆసుపత్రి గది చూసుకునే గవర్రాజుకి పంపిన కబురులో నువ్వు, "అమ్మమ్మకి వయసు మీదపడి చెవుడొచ్చింది, ఆవిడచేత చెవి పరీక్షలేమిటి" అన్నావట. అతను దాన్ని నీళ్ళ వరుసలో అందరికీ చదివి వినిపించాడు. నా వయసుకీ నా చెవికీ సంబంధం లేదు. నా ఉత్తరపు చెవి తొమ్మిదో ఏట గవదబిళ్ళలొచ్చినప్పుడు పోయింది. పూర్తిగా పోయింది, పక్కన డప్పు కొట్టినా అందులో ఏమీ పలకదు. దక్షిణపు చెవి నిక్షేపంలా ఉంది. పక్కింట్లో పోపు వేస్తే ఆవాలు చిటపటలాడుతున్నాయో మాడిపోతున్నాయో ఇక్కణ్ణుంచే చెప్పగలను. పోయిన చెవికీ ముసలి చెవికీ తేడా తెలియని చెవుల డాక్టరువి నువ్వు. నీకు ఫీజు కట్టి చదివించినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి అనే హక్కు నాకుంది.

ఈ సంగతి అంతరిక్షంలో తిరిగే మన చక్రపు ఊళ్ళో అందరికీ తెలుసు. నేను ఎక్కడ కూర్చున్నా, అందరిలాగే చక్రం తిరిగే వైపుకి, అంటే తూర్పు ముఖంగా కూర్చుంటాను. ఇక్కడ మరోలా కూర్చుని వంకాయ తరిగినా కళ్ళు తిరుగుతాయి. అందుకని నా మీద ఏదైనా అనుకోవాలంటే నాకు ఉత్తరం వైపు నిలబడి అనుకుంటారు. అది ఊరి మర్యాద. నా ఎదుట అనడం కంటే మేలే.

ఇవాళ నీళ్ళొచ్చాయి. రెండు బిందెలు పట్టాను. నువ్వు వెళ్ళి చాలా కాలమైంది కాబట్టి గుర్తుచేస్తున్నాను: మీ పెద్ద చక్రం ఏనుగులా తిరుగుతుంది, మాది బొంగరం. బిందె వంచితే ధార పడమరకి వంగి పడుతుంది. తూర్పు ముఖంగా నిలబడి పోసేవాళ్ళ కాళ్ళు తడుస్తాయి. పొడి కాళ్ళతో నీళ్ళు తెచ్చుకున్న ఇల్లాలు ఈ ఊళ్ళో పుట్టలేదు.

నీళ్ళయ్యాక ఆసుపత్రి గదికి వెళ్ళాను. పడవతోపాటు వచ్చిన చెవి యంత్రాన్ని చూపించడానికి వచ్చిన సులేమాన్ గారు అదే పడవలో వెళ్ళిపోతున్నారు. ఆయన, కళ్ళు తిరిగే జబ్బొచ్చిన పైడమ్మకి మొదటి పరీక్ష తనే చేశారు. తర్వాత ఎవరు చేస్తారని అడిగితే అందరూ నేలచూపులు చూశారు. నిన్న ఎత్తిన చెయ్యే నేను మళ్ళీ ఎత్తాను. లెక్కల టీచరుకి వణకని చెయ్యీ, ఒకటే మాట వెయ్యిసార్లు చెప్పే ఓపికా ఉంటాయి. ఈ పరీక్షకి కావలసినవీ అవే.

నమోదు 2: గాలి జల్లెడల రోజు

పరీక్ష ఇది. సన్నటి వెండి తీగ చివర ఉప్పునీటిలో తడిపిన దూది చుట్టి, చెవి లోపల కర్ణభేరికి ఆనేదాకా తోయాలి. ఆనిందని మనిషి మొహం చెబుతుంది. నుదుటి మీద ఒక బిళ్ళ, మెడ మీద ఇంకొకటి. ఆపైన చెవిలో టక్ టక్ అని శబ్దం. ఒక్కో టక్కుకి చెవి లోపల పుట్టే కరెంటు ఎంత చిన్నదంటే, మనిషి దవడ బిగించినా చాలు, అందులో మునిగిపోతుంది. అందుకని వెయ్యిసార్లు టక్కుమనిపించి సగటు తీస్తారు. ఒక్కసారి అడిగితే చెవి నిజం చెప్పదు, వెయ్యిసార్లు అడగాలి. మీ తాతగారు కూడా అంతే.

సగటు తీస్తే ఒక గీత వస్తుంది. దాంట్లో ముందు చిన్న గట్టు, వెంటనే పెద్ద కొండ. గట్టు లోపలి చెవిది, కొండ నరానిది. గట్టు కొండలో మూడో వంతులోపు ఉంటే క్షేమం. సగం దాటిందంటే లోపలి నీళ్ళు పొంగాయని అర్థం. ఇవన్నీ నీకు తెలుసు. నాకూ తెలుసునని నీకు తెలియాలని రాస్తున్నాను.

మొదట తీసిన గీతల్లో గట్టూ లేదు, కొండా లేదు. ఒకే ఎత్తున దువ్వెన పళ్ళలా అలలు. గవర్రాజు చూసి, పైడమ్మకి జబ్బు ముదిరిపోయిందన్నాడు. నేను దువ్వెన పళ్ళు లెక్కపెట్టాను. పైకప్పు మీది గాలి పంకా ఎన్నిసార్లు రొద పెడుతుందో సరిగ్గా అన్నే ఉన్నాయి. నేను సగం రోజు పరీక్షించింది పంకాని. దాని ఆరోగ్యం భేషుగ్గా ఉంది.

పంకా ఆపించాను. మా వీధివీధంతా ఉక్కపోతకి బయటికొచ్చి ఆసుపత్రి గుమ్మంలో కూర్చుంది. ఒకావిడ విసనకర్రతో విసురుకుంటూ, టీచరమ్మ బడి వదిలినా మమ్మల్ని గోడకుర్చీ వేయించడం మానలేదంది. దక్షిణం వైపు కూర్చుని అంది. ధైర్యవంతురాలు.

నుదురు బాగా రుద్దకపోతే బిళ్ళ పట్టదని కూడా ఇవాళే తెలిసింది. పైడమ్మ నుదుట పసుపూ, కుంకుమా, ఆపైన ఇరుసు పనివాళ్ళు రాసుకునే నూనె. నేను గరుకు ముద్దతో రుద్దుతుంటే ఆమె కళ్ళు మూసుకునే, "మామ్మా, నా తలరాత సెరిపేత్తున్నావేటి?" అంది. బాగున్నది ఉంచుతానని చెప్పాను.

నమోదు 3: కూరల రోజు

తోటకూర రెండు కట్టలు, ముల్లంగి. వంకాయలు మళ్ళీ రాలేదు.

పైడమ్మ గురించి నీ దగ్గరున్నది రిపోర్టు మాత్రమే, అందుకని చెబుతున్నాను. చక్రం మధ్య ఇరుసు దగ్గర బరువుండదు కదా, అక్కడ తాళ్ళ మీద నడిచి కీళ్ళకి నూనె వేసే పని ఆమెది. తల్లి పనీ అదే. రెండు నెలల కిందట తాడు మధ్యలో ఉండగా లోకమంతా గిర్రున తిరిగింది. కిందేదో పైనేదో తెలియక, కళ్ళు మూసుకుని, తాడుని పళ్ళతో కరిచి పట్టుకుని వేలాడిందట. తోటివాళ్ళు లాక్కొచ్చారు. ఆ తర్వాత ఇంకో నాలుగుసార్లు వచ్చింది. ఇప్పుడామె కింద జల్లెడలు కడుగుతోంది. ఏ చెవిలో హోరు అని అడిగితే, "పంకాల కొట్లో పెరిగినదాన్ని మామ్మా, రెండిట్లోనూ హోరే" అంటుంది. వినికిడి కూడా రెండు చెవులకీ సమానంగా తగ్గింది. అందుకే ఏ చెవి పొంగిందో ఈ గీత ఒక్కటే చెప్పాలి.

నువ్వు చెప్పిన వైద్యం నాకు అర్థమైంది. పొంగిన చెవిలోకి మందు ఎక్కించి, దానిలో తూకం చూసే భాగాన్ని శాశ్వతంగా చంపేస్తావు. తప్పుడు వార్తలు చెప్పే చెవి నోరు మూసుకుంటే, మిగిలిన మంచి చెవితో మెదడు నెల తిరిగేసరికి సర్దుకుంటుంది. పైడమ్మ మళ్ళీ తాడెక్కుతుంది. మందు ఎక్కించాక వెనక్కి తీసుకోవడం మాత్రం ఉండదు.

ఇవాళ్టి గీత బాగా వచ్చింది. పైడమ్మ దవడ వదులుగా ఉంచింది, వీధి జనం ఉక్కపోతని భరించారు. ఉత్తరపు చెవిలో గట్టు కొండలో సగానికి పైగా ఉంది. దక్షిణపు చెవి శుభ్రం. సులేమాన్ గారి మొదటి పరీక్షకీ దీనికీ తేడా లేదు. నీకు పంపాను. నువ్వు వెంటనే, ఉత్తరపు చెవికే మందు, వచ్చే పడవలో ఆమెని పంపండి అన్నావు. "అమ్మమ్మా, గీత చక్కగా ఉంది" అని కూడా అన్నావు. ఆ వాక్యాన్ని నేను గవర్రాజు చేత పైకి చదివించాను.

నమోదు 4: ఎండ రోజు

ఎండని లోపలికి పంపే అద్దాలు తెరిచారు. వడియాలు పెట్టాను.

సులేమాన్ గారు వెళ్ళేముందు ఒక మాట చెప్పారు. మాట్లాడే చెవిని నమ్మేముందు, మాట్లాడని చెవి గీత ఎలా ఉంటుందో ఒకసారి చూడండి అని. ఈ ఊళ్ళో అటువంటి చెవి ఎక్కడ దొరుకుతుందని ఆయన దిగులుపడ్డారు. నా దగ్గర ఒకటి ఊరికే పడి ఉంది.

నా చెవిలో నేను తీగ పెట్టుకోలేను కాబట్టి పైడమ్మ పెట్టింది. తాళ్ళు ముడివేసే చెయ్యి. తీగ ఆనినట్టే తెలియలేదు. 'ఉ' అని అంటించిన తీగ ఉత్తరపు చెవికి, 'ద' అని అంటించిన తీగ దక్షిణపు చెవికి. ఆ చీటీలు గవర్రాజు అంటించినవే. సులేమాన్ గారి ఊరివాళ్ళు కుడి, ఎడమ అంటారట. మన దగ్గర ఆ మాటలు పద్యాల్లో తప్ప మిగల్లేదని గవర్రాజే చీటీలు మార్చి పెట్టాడు.

ఫలితం: చచ్చిపోయిన నా ఉత్తరపు చెవిలో కొండ. అద్భుతమైన కొండ, ఇరవయ్యేళ్ళ పిల్లకి రావలసినది. పోపు వినే నా దక్షిణపు చెవిలో సున్నా.

తీగలు తారుమారయ్యాయన్నాను. పైడమ్మకి కోపం వచ్చింది. ముడి తప్పితే మనిషి పోయే చోట పనిచేసిందాన్ని, ఉత్తరం గోడేదో దక్షిణం గోడేదో తెలీదా అంది. తీగలు తీసి మళ్ళీ పెట్టించాను. ఈసారి ఇద్దరం గట్టిగా చదువుకున్నాం: ఇది 'ఉ', ఇది ఉత్తరం గోడ. మళ్ళీ అదే కొండ, అదే సున్నా.

నీకు పంపితే నువ్వు నవ్వావు. తీగలు పెట్టడం రానివాళ్ళ చేత పెట్టించుకుంటే ఇంతే, దాన్ని లెక్కలోకి తీసుకోకు అన్నావు. కావచ్చు. కానీ రెండుసార్లు ఒకేలా వచ్చిన తప్పుని నేను తప్పు అనను, జవాబు అంటాను. దాని ప్రశ్న ఏమిటో నాకింకా దొరకలేదు.

నమోదు 5: జల్లెడల రోజు

మూడోసారి చేయించాను. మార్పు లేదు. పైడమ్మ తీగలు కడగడానికి బయటికి వెళ్ళింది. నేను పరీక్ష కుర్చీలోనే కూర్చుని నుదుటి ముద్ద తుడుచుకుంటున్నాను. గవర్రాజు పంకా మీట దగ్గరికి వచ్చాడు. మీట ఉత్తరం గోడకి ఉంటుంది. మీట వేస్తూ ఊరి మర్యాద ప్రకారం గొంతు బాగా తగ్గించి అన్నాడు:

"ఈ ముసిల్దానికి సెవీ నేదు, సేతా కాదు. ఊరందర్నీ ఉడకబెట్టి సంపుతోంది."

వినబడింది. ప్రతి అక్షరమూ వినబడింది.

తిరిగి చూశాను. అతను మీట మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయాడు. పంకా తిరగడం మొదలుపెట్టింది. నాకు కోపం రాలేదు, హైమా. అరవయ్యేళ్ళుగా ఉత్తరం నుంచి ఎవరు తిట్టినా నాకు చేరలేదు. ఇవాళ చేరింది. చెవి బాగుపడే వయసు కాదు నాది. అంటే మారింది చెవి కాదు.

గవర్రాజుని ఒక చెంబు నీళ్ళు తెమ్మన్నాను. తాగడానికి అనుకుని మంచి గ్లాసు కూడా తెచ్చాడు పాపం. కుర్చీలోంచి లేచి, అదే వైపు మొహం పెట్టి, చెంబు నెత్తికంటే పైకెత్తి నేల మీదికి వంచాను.

ధార నాకు దూరంగా వంగి పడింది. నా కాళ్ళు తడవలేదు.

ఆ గదికి కిటికీ లేదు. దిక్కు చెప్పే బాణం గుర్తు నేల మీద ఉంటుంది, దాని మీదే కుర్చీ కాళ్ళబల్ల ఉంది. నేను పడమర ముఖంగా ఉన్నాను. యంత్రం వచ్చిన రోజునుంచీ ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళూ పడమర ముఖంగానే ఉన్నారు.

గవర్రాజుని అడిగితే వెంటనే చెప్పాడు, దాచాలన్న ఆలోచన కూడా లేకుండా. యంత్రం తీగ పొట్టిది, సాకెట్టుదాకా అందలేదు. కుర్చీ బోల్టులు విప్పి అటు తిప్పి బిగించాడు, అంతే. "కుర్సీ కుర్సీయే కదా టీచరు గారూ" అన్నాడు.

కుర్చీ కుర్చీయే. కానీ అందులో కూర్చున్నవాళ్ళ ఉత్తరపు చెవి, వీధిలోకి వచ్చేసరికి దక్షిణపు చెవి అవుతుంది. నీ ఆసుపత్రిలో కుర్చీలన్నీ తూర్పుకే ఉంటాయి. పైడమ్మని అందులో కూర్చోబెట్టి, రిపోర్టు చూసి, ఉత్తరపు చెవిలో మందు ఎక్కిస్తావు. అది మంచి చెవి. దాన్ని చంపేస్తే ఆమెకి మిగిలేది పొంగిన చెవి ఒక్కటి. తాడు మాట అటుంచు, మూరెడు వెడల్పున్న మన వీధిలో గోడ పట్టుకోకుండా నడవలేదు.

ఇది రాసి వెంటనే పంపుతున్నాను. పడవ ఎల్లుండి.

నమోదు 6: నీళ్ళ రోజు

నీ జవాబు ఇది: "అమ్మమ్మా, రిపోర్టు మార్చడానికి ఒక తిట్టూ ఒక చెంబు నీళ్ళూ సరిపోవు."

బాగా అన్నావు. నిన్ను చదివించినందుకు మొదటిసారి పశ్చాత్తాపం తగ్గింది. నేనైనా అదే అంటాను. ఆ తీగలు పెట్టింది పైడమ్మే కదా, చెవి నాదే కదా, ఇందులో ఆమె చెవి గురించి తేలిందేముంది? తేలుస్తాను.

పొద్దున్నే నీళ్ళు పట్టడం మాని గవర్రాజు ఇంటికి వెళ్ళాను. కుర్చీ తిప్పమన్నాను. తిప్పనన్నాడు. తీగ అందదు, బోల్టులు అరిగాయి, పైవాళ్ళని అడగాలి, ఇవాళ నీళ్ళ రోజు. నాలుగు కారణాలు చెప్పాడు. ఒక్క కారణం ఉన్నవాడు నాలుగు చెప్పడు. అసలు భయం ఏమిటో నాకు తెలుసు: చీటీలు తనవి, తప్పు తన నెత్తిన పడుతుంది. అతని పేరు ఎక్కడా రాయనన్నాను. (రాశాను. కానీ నువ్వు మన పిల్లవి.) అయినా కదల్లేదు.

పైడమ్మ నా వెనకే వచ్చింది. అతని గుమ్మం పట్టుకుని, తల కదపకుండా, నెమ్మదిగా అంది:

"గవర్రాజు బావా, సెవి నాది. కుర్సీ నీది. కుర్సీ తిప్పు."

తిప్పాడు. ఒక బోల్టు నిజంగానే అరిగింది, అది అబద్ధం కాదు. తీగ నిజంగానే అందలేదు. యంత్రాన్నే బల్లతో సహా ఇద్దరూ ఎత్తి అవతలికి జరిపారు.

కుర్చీ కదపకముందే నేను చేసిన పని: నా పాత ఎర్ర జాకెట్టు అంచులోంచి దారం లాగి, పైడమ్మ ఒక చెవి పోగుకి ముడివేశాను. పరీక్షలో పొంగిందన్న 'ఉ' చెవి ఏదో, పడమర ముఖంగా కూర్చోబెట్టి చూసి, ఆ చెవికే వేశాను. చీటీలు ఊడతాయి, గోడలు మాట మారుస్తాయి, పోగుకి కట్టిన దారం మాత్రం మనిషితోపాటు తిరుగుతుంది. ఆ తర్వాతే కుర్చీ తిప్పించాను.

పంకా ఆగింది. వీధి మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది. ఈసారి ఎవరూ సణగలేదు. ఎందుకు చేస్తున్నామో పైడమ్మే వాళ్ళకి చెప్పినట్టుంది. విసనకర్ర ఆవిడ లోపలికొచ్చి పైడమ్మకి విసిరింది. గాలికి తీగ కదులుతోందని నేను ఆపితే, నాకు విసిరింది.

నా చెవి ముందు. తూర్పు ముఖంగా కూర్చున్నాను. 'ఉ' తీగలో సున్నా. నున్నటి, చదునైన, ఎండిన చెరువులాంటి గీత. నా తొమ్మిదో ఏటినుంచి ఇన్నాళ్ళకి నా చెవి చావుని కాగితం మీద చూశాను. చాలా తృప్తిగా అనిపించింది.

తర్వాత పైడమ్మ. వెయ్యి టక్కులు ఒక చెవికి, వెయ్యి రెండో చెవికి. ఆమె కళ్ళు మూసుకుని, దవడ వదిలేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గీత మెల్లగా మెల్లగా తేలుతుంది కదా. మొదటి వందలో ఏమీ ఉండదు, ఐదువందల దగ్గర గట్టు పొడుస్తుంది. నేను గీత వైపు చూడకుండా ఆమె మొహం చూస్తూ కూర్చున్నాను. అయిపోయిందని యంత్రం కూసింది.

'ఉ' చెవి శుభ్రం. 'ద' చెవిలో గట్టు, కొండలో సగానికి పైన. దారం 'ద' చెవికే ఉంది.

మళ్ళీ కుర్చీ పడమరకి తిప్పించి ఇంకోసారి తీశాను. చీటీ మాట మారింది, దారం మాట మారలేదు. నాలుగు గీతలూ పంపాను. గవర్రాజు మూడోసారి బోల్టులు బిగిస్తూ, ఉత్తరం గోడ వైపు నిలబడకుండా నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "నానే తప్పు సేసాను టీచరు గారూ" అన్నాడు. పొట్టి తీగ పంపినవాళ్ళదీ సగం తప్పు అన్నాను. మిగతా సగం గురించి అతను అడగలేదు.

నమోదు 7: పడవ రోజు

నీ కబురు అందింది. రిపోర్టు కొట్టేశానన్నావు. మందు దక్షిణపు చెవికి, అంటే దారం ఉన్న చెవికి అని రాశావు. ఎక్కించేముందు నీ చేత్తో ఇంకోసారి పరీక్ష చేస్తానని కూడా అన్నావు. చెయ్యి. నన్ను కూడా వెయ్యిసార్లు అడిగి సగటు తీసుకోవడం మంచిదే.

పైడమ్మ పొద్దున్నే తలస్నానం చేసి వచ్చింది. దారం తడిసి రంగు కాస్త దిగింది, ముడి మాత్రం గట్టిగా ఉంది. ఆమె దాని మీద తన ముడి ఇంకొకటి వేసుకుంది. భయంగా ఉందా అని అడిగాను. తాడు మీద ఉన్నప్పుడు భయపడితే చెయ్యి జారిపోతుంది, అందుకని ఆ అలవాటు లేదంది. పడవ తలుపు దగ్గర మాత్రం నా చెయ్యి కాసేపు వదల్లేదు. ఆమెకి నేను ఉత్తరం వైపు ఉన్నాను. మంచి చెవి అటే.

"మామ్మా, నాను తిరిగొచ్చినాక నీకు తాడు మీద నడవడం నేర్పుతాను" అంది. ముందు వంకాయలు తెమ్మన్నాను.

ఇప్పుడు నీ పని, హైమా. ఆమెని తిప్పి పంపేటప్పుడు రెండు వస్తువులు ఆమె సంచిలో పెట్టు. ఒకటి, యంత్రానికి పొడుగు తీగ. నాలుగు బారలు ఉండాలి, చివర మూడు ముళ్ళ ప్లగ్గు. గవర్రాజు బొమ్మ గీసి ఇచ్చాడు, అది ఆమె దగ్గరుంది. బొమ్మ చూసి నవ్వకు, ఈసారి కొలత సరిగ్గానే వేశాడు. రెండోది, ఎర్ర దారం ఉండ. నా జాకెట్టు ఇంకొక చెవికి సరిపోదు, వచ్చే పడవకి ఇంకో ఇద్దరు పరీక్షకి సిద్ధంగా ఉన్నారు. రంగు దిగనిది చూడు. కొట్లోనే ఒక మూర తడిపి, తెంపి చూసి మరీ తీసుకో. తేలిగ్గా తెగితే వద్దు.